పక్షవాతానికి రక్తపరీక్ష ఉందా?

(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీ కార్యవర్గం నాకు ముందుగానే ఒక ప్రశ్న పంపింది. ఈ ఏడాది విరాళాల్లో కొంత భాగంతో, పక్షవాతాన్ని ముందే పసిగట్టే రక్తపరీక్షల శిబిరం పెట్టాలని కొందరు దాతలు కోరుతున్నారట. అందుకు ఏ పరీక్ష ఎంచుకోవాలో చెప్పమన్నారు. నా ఉద్యోగ జీవితమంతా అలాంటి పరీక్ష కోసమే వెతికాను కాబట్టి ప్రశ్న సరైన మనిషికే వచ్చింది. జవాబు మాత్రం మీరు ఆశించినది కాకపోవచ్చు. అలాంటి పరీక్ష ఇంకా లేదు. దాని మీద మీ డబ్బు పెట్టకండి.

ఇంత చెప్పి కూర్చోవచ్చు. కాని దాతకు "వద్దు" అని చెప్పేవాడు ఎందుకు వద్దో కూడా చెప్పాలి. ఆ డబ్బు ఎక్కడ పెడితే ఒక మనిషి మంచాన పడకుండా ఉంటాడో అదీ చెప్పాలి. అందుకే మీ సమయం కొంచెం తీసుకుంటాను.

నేను రోగులకు మందు రాసే డాక్టరును కాను. జీవరసాయన శాస్త్రం చదువుకుని, ఆసుపత్రి వార్డు నుంచి వచ్చే రక్తపు గొట్టాల మధ్య వయసు గడిపినవాణ్ణి. పక్షవాతం వచ్చిన మనిషి రక్తంలో ఏదైనా ఒక పదార్థం పెరుగుతుందా, తగ్గుతుందా, దాన్ని చూసి జబ్బును గుర్తుపట్టగలమా అన్నదే మా పని. అలాంటి పదార్థాన్ని బయోమార్కర్ అంటారు. జీవసూచిక అని తెలుగులో చెప్పుకోవచ్చు. పొగను చూసి నిప్పు ఉందని తెలుసుకున్నట్టు, ఆ పదార్థాన్ని చూసి లోపలి దెబ్బను తెలుసుకోవడం.

ముందు జబ్బు సంగతి. తెలుగులో పక్షవాతం అంటాం, మన ఇళ్ళలో ఫాలిజ్ అంటాం, ఆసుపత్రిలో స్ట్రోక్ అంటారు. చేయి, కాలు పడిపోతాయి కాబట్టి జబ్బు చేతిలో, కాలిలో ఉందనుకుని నూనె మర్దనాలు చేస్తారు. పావురం రక్తం పూస్తారు. పసరు మందు కోసం బస్సెక్కి వేరే ఊరు వెళ్తారు. నిజానికి చేతికి, కాలికి ఏమీ కాలేదు. దెబ్బ తగిలింది మెదడుకు. మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళంలో గడ్డ అడ్డుపడి ఉండాలి, లేదా ఆ నాళం చిట్లి రక్తం బయటికి వచ్చి ఉండాలి. ఈ రెండే దారులు.

2019లో ప్రపంచం మొత్తం మీద కొత్తగా స్ట్రోక్ వచ్చినవారు సుమారు 1 కోటీ 22 లక్షల మంది అని అంచనా. వారిలో నూటికి 62 మందికి గడ్డ అడ్డుపడింది. 28 మందికి మెదడు లోపల నాళం చిట్లింది. మిగిలిన 10 మందికి మెదడు చుట్టూ ఉన్న పొరల మధ్య రక్తం చేరింది.

బయటి నుంచి చూస్తే మొదటి రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. అదే మూతి వంకర, అదే పడిపోయిన చేయి, అదే తడబడే మాట. ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా మంచం పక్కన నిలబడి ఇది గడ్డా, చిట్లడమా అని ఖాయంగా చెప్పలేడు. చికిత్సలు మాత్రం ఎదురెదురు. మొదటిదానికి గడ్డను కరిగించే ఇంజక్షన్ ఇస్తారు. అదే ఇంజక్షన్ నాళం చిట్లిన మనిషికి ఇస్తే, కారుతున్న రక్తం ఇంకా కారుతుంది. ఒకరికి ప్రాణం పోసేదే ఇంకొకరికి ప్రాణం తీస్తుంది. అందుకే ఇంట్లో ఎవరికైనా మూతి వంకరపోగానే "గుండెకు మంచిదట" అని ఆస్పిరిన్ మింగించవద్దని డాక్టర్లు చెబుతారు. ఏ రకమో తేలేదాకా అదీ ప్రమాదమే.

ఈ తేడాను కంటితో చూపించిన యంత్రం సి.టి. స్కాన్. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు తయారుచేసిన ఆ యంత్రంతో 1971 అక్టోబర్ 1న లండన్‌లోని ఒక ఆసుపత్రిలో మొదటిసారి ఒక రోగి మెదడును తీశారు. 1979లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అంతకుముందు బతికున్న మనిషి మెదడులో రక్తం చేరిందా లేదా అన్నది చాలావరకు ఊహే.

కాని అప్పటికి పక్షవాతంలో పనిచేస్తుందని తేలిన, గడ్డను కరిగించే మందు లేదు. తేడా తెలిసినా చేయగలిగింది తక్కువ. 1995లో అమెరికాలో 624 మంది రోగుల మీద జరిగిన పరీక్షతో పరిస్థితి మారింది. జబ్బు మొదలైన 3 గంటల లోపు ఆ ఇంజక్షన్ ఇస్తే, మూడు నెలల తర్వాత దాదాపు ఏ వైకల్యమూ లేకుండా తిరిగేవారి సంఖ్య పెరుగుతుందని తేలింది. 2008లో ఐరోపాలో జరిగిన పరీక్ష ఆ గడువును నాలుగున్నర గంటలకు పొడిగించింది. 2015 నుంచి, పెద్ద నాళంలో ఇరుక్కున్న గడ్డను సన్నని గొట్టంతో బయటికి లాగే చికిత్స కూడా గట్టిగా నిలబడింది.

ఈ చికిత్సలన్నీ గడియారంతో పందెం కడతాయి. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో ఒక అమెరికన్ నాడీవైద్యుడు లెక్కకట్టారు. మనం "ఆటో దొరకలేదు", "తమ్ముడు వచ్చాక వెళ్దాం" అనుకునే అరగంటలో ఎన్ని కోట్లు పోతాయో లెక్క వేసుకోండి.

ఇప్పుడు రక్తపరీక్ష కల ఎక్కడ పుట్టిందో మీకే అర్థమై ఉంటుంది. సి.టి. యంత్రం పట్నంలో ఉంటుంది. జబ్బు పల్లెలో వస్తుంది. షుగరు చూసినట్టు వేలి నుంచి ఒక చుక్క తీసి, పది నిమిషాల్లో ఇది గడ్డా, చిట్లడమా చెప్పగలిగితే? అంబులెన్స్‌లోనే తేలిపోతే? మండల ఆసుపత్రిలోనే మొదటి ఇంజక్షన్ పడితే? ఈ ఆశతోనే నాలాంటివాళ్ళు దేశదేశాల్లో జీవితాలు గడిపారు.

గుండెకు ఇది సాధ్యమైంది కదా అని అడుగుతారు. సాధ్యమైంది. ఛాతీ నొప్పితో వెళ్తే ట్రోపోనిన్ పరీక్ష చేస్తారు. గుండె కండరం దెబ్బతినగానే అందులోని ట్రోపోనిన్ రక్తంలోకి జారుతుంది. గంటల్లోనే దొరుకుతుంది. మెదడు అలా కాదు. మెదడు కణజాలానికి, రక్తానికి మధ్య చాలా గట్టి అడ్డుగోడ ఉంది. నాళం లోపలి పొరలోని కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. అది పర్దా కట్టిన ఇల్లు లాంటిది. లోపల ఎంత గొడవ జరుగుతున్నా వీధిలోకి వెంటనే తెలియదు. మామూలు రోజుల్లో మెదడును విషాల నుంచి కాపాడేది ఆ గోడే. మాలాంటి వెతికేవాళ్ళకు అడ్డుగా నిలబడిందీ అదే.

మొదట అందరి దృష్టీ పడింది ఎస్-100 అనే ప్రోటీన్ మీద. 1965లో బ్లేక్ మూర్ అనే శాస్త్రవేత్త పశువుల మెదడు నుంచి దీన్ని వేరుచేశారు. అమోనియం సల్ఫేట్‌తో నూటికి నూరు పాళ్ళు నిండిపోయిన ద్రావణంలో కూడా ఇది కరిగే ఉంటుంది. ఆ నూరే దాని పేరులోకి వచ్చింది. ఇందులో ఎస్-100బి అనే రకం మెదడులో ఎక్కువ. పక్షవాతం వచ్చినవారి రక్తంలో ఇది పెరుగుతుంది, నిజమే. దెబ్బ ఎంత పెద్దదైతే అంత పెరుగుతుంది కూడా. కాని గడ్డ అడ్డుపడిన రోగిలో అది శిఖరానికి చేరేది రెండో రోజునో, మూడో రోజునో. మాకు కావలసింది మొదటి గంట. నిప్పంటుకున్నప్పుడు రావలసిన కబురు ఇల్లు కాలాక వస్తే ఏం లాభం? పైగా ఒక రకం చర్మ క్యాన్సర్‌లోనూ అది పెరుగుతుంది. కాబట్టి దాన్ని చూసి పక్షవాతమేనని తేల్చలేం.

తర్వాత ఎన్.ఎస్.ఇ. అనే ఎంజైమ్. నాడీకణాల్లో ఉంటుంది కాబట్టి నాడీకణం చనిపోతే ఇది బయటికి రావాలి అనుకున్నారు. కాని ఇది ఎర్ర రక్తకణాల్లో కూడా ఉంటుంది. రక్తం తీసేటప్పుడు సూది సరిగ్గా పడకపోయినా, గొట్టాన్ని గట్టిగా ఊపినా, ప్రయోగశాలకు చేరడం ఆలస్యమైనా ఎర్రకణాలు పగిలి, మెదడుకు సంబంధం లేని ఎన్.ఎస్.ఇ. కొలతలోకి వచ్చేస్తుంది. రోగికి లేని దెబ్బ కాగితం మీద కనబడుతుంది.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మా పనిలో సగం పెద్ద ఆలోచనలు కావు, చిన్న జాగ్రత్తలు. రక్తం తీయగానే గొట్టం మంచులో పెట్టాలి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైతేట తీయాలి. దాన్ని చిన్న చిన్న సీసాల్లో పంచి సున్నాకు దిగువ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచాలి. రాత్రి రెండింటికి రోగి వస్తే రాత్రి రెండింటికే చేయాలి. కరెంటు పోతే జనరేటర్ ఆన్ అయ్యిందో లేదో పరుగెత్తి చూసుకోవాలి. ఒక వేసవి రాత్రి ఫ్రీజర్ ఆగిపోతే ఏళ్ళ తరబడి పోగుచేసిన సీసాలన్నీ నీళ్ళే.

ఆ సీసాలు ఎవరివి? తండ్రి మాట పడిపోయి స్ట్రెచర్ మీద ఉన్నాడు. కొడుకు స్కాన్ డబ్బుల కోసం జేబులు తడుముకుంటున్నాడు. అలాంటి వేళ మేం వెళ్ళి, "బాబూ, పరిశోధన కోసం కొంచెం రక్తం తీసుకుంటాం, దీనివల్ల మీ నాన్నకు ఇప్పుడు లాభం ఏమీ ఉండదు, రేపు ఇంకెవరికైనా ఉండొచ్చు" అని చెప్పాలి. అబద్ధం చెప్పకూడదు. ఆశ పెట్టకూడదు. అయినా ఎక్కువమంది ఒప్పుకున్నారు. కొందరు సంతకం పెట్టారు, కొందరు వేలిముద్ర వేశారు. ఈ సభలో డబ్బు ఇచ్చిన దాతలను గౌరవిస్తున్నాం. పేరు ఎక్కడా రాయని ఆ దాతలు నా లెక్కలో మీ పక్కనే కూర్చుంటారు. వాళ్ళు ఇచ్చింది మా దగ్గర ఉంచిన అమానత్. దాని నుంచి వచ్చిన ఫలితం బాగుంటే బాగుందని, లేకపోతే లేదని చెప్పడమే ఆ అమానత్‌ను తిరిగి అప్పజెప్పడం.

ఇక అందరికంటే ఎక్కువ ఆశ కలిగించిన ప్రోటీన్ గురించి చెబుతాను. దాన్ని జి.ఎఫ్.ఎ.పి. అంటారు. మెదడులో నాడీకణాలకు ఆసరాగా నిలబడే నక్షత్రాకారపు కణాలుంటాయి. ఇంటికి వాసాల్లాగా ఆ కణాలకు ఆకారాన్ని నిలబెట్టే ప్రోటీన్ ఇది. లారెన్స్ ఎంగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని వెలికితీశారు. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. నాళం చిట్లితే దూసుకొచ్చిన రక్తం ఆ కణాలను అప్పటికప్పుడే చించేస్తుంది. అందుకే జి.ఎఫ్.ఎ.పి. తొలి గంటల్లోనే రక్తంలో కనబడుతుంది. గడ్డ అడ్డుపడితే ఆ కణాలు మెల్లగా చనిపోతాయి. అందుకే అది చాలా ఆలస్యంగా పెరుగుతుంది. అంటే తొలి గంటల్లో ఈ ప్రోటీన్ ఎక్కువగా ఉంటే చిట్లినట్టు, లేకపోతే గడ్డ అయి ఉండవచ్చు. మేం వెతుకుతున్న తేడా ఇదే.

జర్మనీలో క్రిస్టియన్ ఫోర్ష్ అనే నాడీవైద్యుడు, ఆయన సహచరులు దీన్ని పట్టుదలగా పరీక్షించారు. జర్మనీ, స్విట్జర్లాండ్‌లలోని 14 కేంద్రాల్లో, జబ్బు మొదలైన నాలుగున్నర గంటల లోపు వచ్చిన 205 మంది రక్తం తీసి చూసి, 2012లో ఫలితాలు ప్రచురించారు. నాళం చిట్లినవారిలో నూటికి 84 మందిని ఈ పరీక్ష సరిగ్గా పట్టుకుంది. చిట్లనివారిలో నూటికి 96 మందిని చిట్లలేదనే చెప్పింది. ఆ అంకెలు చూసి మాలాంటివాళ్ళందరికీ ఉత్సాహం వచ్చింది.

కాని ఇక్కడ ఆగి లెక్క చూడాలి. నూటికి 84 మందిని పట్టుకుందంటే 16 మందిని వదిలేసిందని అర్థం. తలలో రక్తం కారుతున్నా, పరీక్ష మాత్రం "చిట్లలేదు" అని చెప్పిన 16 మంది. ఆ కాగితాన్ని నమ్మి వాళ్ళకు గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇస్తే? పరీక్ష పేపర్లో 84 మార్కులు వస్తే ఫస్టు క్లాసు. మెదడు విషయంలో ఆ మిగిలిన 16 మార్కులు మనుషులు. అందుకే ఇంత మంచి పరీక్ష వచ్చినా సి.టి. స్కాన్ లేకుండా ఇంజక్షన్ ఇవ్వండని ఎవరూ చెప్పలేకపోయారు.

ఒక్క ప్రోటీన్ చాలకపోతే నాలుగింటిని కలిపి చూద్దామనే ఆలోచన కూడా వచ్చింది. 2009లో అమెరికాలో డేనియల్ లాస్కోవిట్జ్ బృందం నాలుగు సూచికలను కలిపి, 17 కేంద్రాల్లో 1146 మంది మీద చూసింది. ఒక స్థాయి దగ్గర గీత గీస్తే, స్ట్రోక్ వచ్చినవారిలో నూటికి 86 మందిని పట్టుకుంది. కాని స్ట్రోక్ కాని వందమందిలో 37 మందినే "కాదు" అని పంపగలిగింది. మిగిలిన 63 మందికి లేని జబ్బును అంటగట్టింది. స్పెయిన్‌లోని బార్సిలోనాలో జోన్ మొంటానెర్ అనే పరిశోధకుడు తన వృత్తి జీవితంలో ఎక్కువ భాగం ఈ వెతుకులాటకే ఇచ్చారు. ఇంజక్షన్ ఇవ్వకముందే ఎం.ఎం.పి.-9 అనే ఎంజైమ్ ఎక్కువగా ఉన్నవారికి, ఇచ్చాక మెదడులో రక్తం కారే ప్రమాదం ఎక్కువని 2003లో ఆయన బృందం చూపింది. అదే బృందం 21 సూచికలను 1300 మందికి పైగా రోగుల్లో పరీక్షించి 2017లో ఫలితం ప్రకటించింది. స్ట్రోక్‌ను, స్ట్రోక్‌లా కనబడే ఇతర జబ్బులను వేరుచేసేంత గట్టిగా ఆ సూచికలు లేవని అందులో తేలింది. ఏళ్ళ శ్రమ తర్వాత "ఇది సరిపోదు" అని అచ్చువేయడం తేలిక కాదు. కాని ఆ మాట అచ్చు కాకపోతే, ఏదో ఒక కంపెనీ ఆ 21 పరీక్షలనూ ప్యాకేజీగా కట్టి మనకు అమ్మేది.

జన్యువుల్లో వెతికినవారూ ఉన్నారు. 2003లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్తలు పి.డి.ఇ.4డి అనే జన్యువులోని తేడాలకు, స్ట్రోక్‌కు సంబంధం ఉందని ప్రకటించారు. ఆ చలి దేశపు మాట మన నేలకు వర్తిస్తుందా? హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యుశాస్త్ర సంస్థవారు, నిమ్స్ నాడీవైద్యులతో కలిసి మన తెలుగువారి రక్తంలో ఆ జన్యువును పరీక్షించారు. ఇలా చేయడం చాలా అవసరం. ఒక దేశంలో పనిచేసిన సూచిక ఇంకో దేశంలో పనిచేస్తుందన్న హామీ లేదు. మనవాళ్ళ తిండి వేరు, బి.పి., షుగరు వచ్చే వయసు వేరు. మన కొలతబద్ద మన రక్తం మీదే తయారు కావాలి.

మరి అరవై ఏళ్ళ వెతుకులాట వృథాయేనా? కాదు. అదే జి.ఎఫ్.ఎ.పి.ని ఇంకో ప్రోటీన్‌తో కలిపి, తలకు దెబ్బ తగిలిన పెద్దవారిలో సి.టి. స్కాన్ అవసరమా కాదా అని తేల్చడానికి 2018లో అమెరికా ఎఫ్.డి.ఎ. అనుమతించింది. పక్షవాతం కోసం తవ్విన బావిలో నీళ్ళు పక్క పొలానికి పారాయి. జర్మనీలో ఇప్పుడు ఆ ప్రోటీన్‌ను చేతిలో పట్టే యంత్రంతో అంబులెన్స్ దగ్గరే కొలిచి చూస్తున్నారు. సి.టి.కి బదులుగా కాకపోయినా, ఏ రోగిని ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళాలో నిర్ణయించడానికి అది పనికి రావచ్చు. సి.టి. యంత్రానికి పక్క వీధిలో ఉండే మనిషికి ఆ పరీక్ష లేకపోయినా పెద్దగా నష్టం లేదు. అరవై కిలోమీటర్ల దూరంలో ఉండే మనిషికి అది కావాలి. ఆ మనిషి మన పల్లెల్లోనే ఉన్నాడు. అందుకే ఈ వెతుకులాట ఆగకూడదు.

ఇక మీ శిబిరం సంగతి. ఇప్పటివరకు చెప్పిన సూచికలన్నీ జబ్బు వచ్చాక పెరిగేవి, లేదా వచ్చే అవకాశాన్ని కొద్దిగా సూచించేవి. ఈ రోజు ఆరోగ్యంగా కూర్చున్న మనిషి రక్తం చూసి "నీకు వచ్చే నెల పక్షవాతం వస్తుంది" అనో, "రాదు, హాయిగా ఉండు" అనో చెప్పే పరీక్ష ప్రపంచంలో ఎక్కడా లేదు. "మెదడు ప్యాకేజీ", "స్ట్రోక్ ప్యాకేజీ" అని రంగుల కాగితాల మీద కనబడేవి చూసి మోసపోకండి. వాటిలో బాగుందని వచ్చిన మనిషి బి.పి. మాత్ర మానేస్తే, ఆ శిబిరం మేలు చేయలేదు సరికదా, కీడు చేసినట్టు.

గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇచ్చే ముందు ప్రతి రోగికీ తప్పనిసరిగా చేయాలని అమెరికన్ వైద్య మార్గదర్శకాలు చెప్పే రక్తపరీక్ష ఒక్కటే ఒకటి. ఏమిటో ఊహించండి. షుగరు. రక్తంలో షుగరు బాగా పడిపోతే కూడా మనిషి అచ్చం పక్షవాతం వచ్చినట్టే అయిపోతాడు. చేయి పడిపోతుంది, మాట తడబడుతుంది. అరవై ఏళ్ళుగా మేం వందల ప్రోటీన్లు వెతికాం. స్ట్రోక్ గది గుమ్మం దగ్గర ఇవాళ్టికీ నిలబడి ఉన్నది మన ఇళ్ళలో ఉండే గ్లూకోమీటరు.

ముందుగా హెచ్చరించే సూచిక కావాలంటే అదీ ఉంది. దానికి రక్తం కూడా తీయక్కర్లేదు. మన దేశంతో సహా అనేక దేశాల్లో జరిగిన ఇంటర్‌స్ట్రోక్ అనే పెద్ద అధ్యయనం, పది కారణాలే స్ట్రోక్ ప్రమాదంలో దాదాపు 90 శాతానికి మూలమని చూపింది. వాటిలో అన్నింటికంటే పెద్దది అధిక రక్తపోటు. దాదాపు సగం బరువు దానిదే. మిగిలినవాటిలో పొగ తాగడం, షుగరు, కొలెస్ట్రాల్ సమస్యలు, నడుం చుట్టూ కొవ్వు, నడక లేకపోవడం, గుండె జబ్బులు ఉన్నాయి. దాదాపు అన్నీ మనం కొలవగలిగినవి, మార్చగలిగినవి.

కాబట్టి నా సలహా ఇది. శిబిరం పెట్టండి, కాని బి.పి. శిబిరం పెట్టండి. ఒక్క రోజు పెట్టి ఫోటోలు తీసుకుని మూసేయకండి. నెలనెలా పెట్టండి. మనిషిని ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తులో ఉంచి, రెండుసార్లు కొలవండి. 140/90 దాటినవారి పేరు రాసుకోండి. డాక్టరు దగ్గరికి పంపి, వచ్చే నెల వాళ్ళు మళ్ళీ వచ్చారో లేదో చూడండి. రాకపోతే ఇంటికి ఒక మనిషిని పంపండి. మాత్రలు కొనలేనివారికి మాత్రలు కొనివ్వండి. బి.పి. మాత్ర ఖరీదైనది కాదు. ఖరీదైనది దాన్ని మానేయడం.

మన ఇళ్ళకు సంబంధించి ఇంకో మాట. రంజాన్ నెలలో చాలామంది తమంతట తామే మాత్రలు ఆపేస్తారు. ఆపవద్దు. రంజాన్‌కు ముందే డాక్టరును కలిస్తే చాలామందికి సహరీ వేళకో ఇఫ్తార్ వేళకో మాత్రను సర్దుతారు. ఎవరు ఉపవాసం ఉండగలరో, ఎవరు ఉండకూడదో కూడా ఆయనే చెబుతారు. ఆ సంప్రదింపు ఖర్చును సంస్థ భరిస్తే, అదే ఒక మంచి కార్యక్రమం.

రెండో ఖర్చు, దారి ఖర్చు. 108 ఉంది, వాడుకోవాలి. అది అందని చోట రాత్రివేళ బండి కట్టించుకోవడానికి డబ్బు లేక తెల్లారేదాకా ఆగిన కుటుంబాలు ఉన్నాయి. మీ నిధిలోంచి ఆ రాత్రికి అప్పటికప్పుడే డబ్బు అందే ఏర్పాటు చేయండి. సి.టి. స్కాన్, గడ్డ కరిగించే ఇంజక్షన్ 24 గంటలూ దొరికే ఆసుపత్రి మీ ఊరికి దగ్గరలో ఏదో ముందే కనుక్కుని, ఆ పేరు, ఫోను నంబరు ప్రతి మసీదు గోడ మీద, ప్రతి బడి గోడ మీద రాయించండి. ఆ గంటలో వెతుక్కోవడానికి సమయం ఉండదు.

మూడోది, జబ్బు వచ్చి తిరిగి వచ్చినవారి కోసం. పడిపోయిన చేతిని మళ్ళీ పనిలోకి తెచ్చేది నెలల తరబడి చేసే ఫిజియోథెరపీ. కూలి చేసుకునేవారు వారం తిరిగి మానేస్తారు. ఇంటికి వచ్చి నేర్పే ఒక ఫిజియోథెరపిస్టుకు సంస్థ జీతమిస్తే, మళ్ళీ తన చేత్తో తాను అన్నం తినే మనుషులను మీరే చూస్తారు.

చివరిగా ఒక్క విషయం. మా ప్రయోగశాలకు వచ్చే ప్రతి గొట్టం మీద రెండు వేళలు రాయాలి. రక్తం తీసిన వేళ, జబ్బు మొదలైన వేళ. మొదటిది నర్సు రాస్తుంది. రెండోది చాలాసార్లు ఖాళీగానే వచ్చేది. "పొద్దున చూసేసరికి ఇలా ఉన్నాడు", "ఎప్పుడో తెలీదు" అనేవారు. ఆ వేళ లేకపోతే ఆ గొట్టం మాకు పనికిరాదు. అంతకంటే ముఖ్యంగా, ఆ వేళ తెలియకపోతే డాక్టరు నాలుగున్నర గంటలు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో తెలియదు. ఏ యంత్రమూ దాన్ని ఖచ్చితంగా చెప్పలేదు. అది ఇంట్లోవాళ్ళకే తెలుసు.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా మూతి ఒక పక్కకు వంకరపోయినా, చేయి ఎత్తితే కిందికి వాలిపోయినా, మాట తడబడినా, ఉన్నట్టుండి తూలినా, చూపు పోయినా మొదట గడియారం చూడండి. మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడో గుర్తు తెచ్చుకుని కాగితం మీద రాసుకోండి. నోట్లో నీళ్ళు, కాఫీ, మందు ఏదీ పోయకండి. 108కు ఫోన్ చేయండి. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ఆ కాగితం డాక్టరు చేతికివ్వండి. రక్తంలో మేం ఇంకా వెతుకుతున్న జవాబుల్లో సగం ఆ కాగితం మీద ఉంటుంది.